అరువు పెట్ట

‘రేపు సంత చూసుకుని వస్తూ నా పెట్టను తీసుకెళ్తాను, సిద్ధంగా ఉంచమను’ అని, పెట్టను అరువిచ్చిన థోవా కబురు పంపింది. చూడ్డానికి చిన్న కబురే. అది విన్న దగ్గర్నుంచీ లుయెన్‌కి తిన్న ముద్ద గొంతు దిగలేదన్న చోట కిందటి వారం ఆగాం.

ఎందుకు దిగలేదో కొత్తగా చదివేవాళ్లకి కాస్త చెప్పాలి. ఎర్రనది కరకట్ట కింద, లాంగన్ పండ్ల తోటల మధ్య ఉన్న ఆ పల్లెలో డోంగ్ తావ్ కోళ్లు పెంచడమంటే ఇంటి పరువుతో సమానం. పుంజు కాళ్లు మనిషి మణికట్టంత లావుంటాయి. వాటి నిండా ఎర్రటి గరుకు పొలుసులు. చూసేవాళ్లకి ముచ్చటేగానీ, పెట్టకి మాత్రం ఆ కాళ్లే శాపం. గుడ్లు పొదగడానికి కూర్చుందంటే తన గుడ్లు తనే తొక్కి పగలగొట్టుకుంటుంది. అందుకని పక్కింట్లో తేలిక కాళ్ల నాటు పెట్ట ఏదైనా పొదుగుకొస్తే దాన్ని అరువు తెచ్చుకుని, దాని కింద ఈ గుడ్లు పెడతారు. అరువిచ్చినవాళ్లు అద్దె అడగరు. పిల్లలకి రెక్క ఈకలు మొలిచాక వచ్చి పెట్టను తీసుకెళ్తారు, దానితోపాటు ఒక పిల్లను కూడా. ఏ పిల్ల అన్నది వాళ్ల ఇష్టం. కాదనడానికి వీల్లేదు. ఆ పల్లెలో కాదన్నవాళ్లు లేరు కూడా.

లుయెన్ మామగారి కోళ్లంటే చుట్టుపక్కల పేరు. మిగతా ఇళ్లలో ఉన్నవన్నీ సంకరానివే. కాళ్లు లావుగానే ఉంటాయి కానీ పాలిపోయి ఉంటాయి. అసలు రక్తం ఈ ఒక్క వాకిట్లోనే మిగిలింది. పోయేముందు ఆయన ఇసుక పడవ మీద పనిచేసే కొడుకు ఖాంగ్‌ని కాకుండా, కోడల్ని పిలిచి కోళ్లు అప్పజెప్పాడు. ఆ తర్వాతి వానల్లోనే ఊరి మీద కోళ్ల తెగులు పడింది. ఒక ముసలి పుంజు, ఒక పెట్ట బతికి బట్టకట్టాయి. థోవా దగ్గర పెట్ట అరువు తెచ్చి గుడ్లు పెట్టిన కొన్నాళ్లకే ఆ పుంజూ, దాని జత పెట్టా తల వాల్చేశాయి. చివరికి గుడ్లలోంచి బతికి బయటపడ్డవి మూడే. రెండు పెట్టలు, ఒక పుంజు.

ఆ పుంజుపిల్ల పోతే వంశం అక్కడితో సరి. థోవా ఏ పిల్లను ఎత్తుకుంటుంది అన్నది లుయెన్ అడిగి తెలుసుకోవలసిన విషయం కాదు. థోవా వాకిలి నిండా సంకరం కోళ్లే. ఏటా కొత్త సంవత్సరం టెట్ పండగ ముందు కానుకలకని పట్నం వాళ్లు మోటారు బళ్ల మీదొచ్చి వాటిని ఎగరేసుకుపోతారు. అలాంటి ఇంట్లో ఈ పిల్ల పడితే ఏమవుతుందో చిన్నపిల్లాడైనా చెబుతాడు.

అందుకని మర్నాడు పొద్దున ఏం చేసిందంటే, పిల్లలకి నూకలు చల్లేటప్పుడు పుంజుపిల్లను చటుక్కున పట్టి, చొక్కా కింద పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. పొట్టు పొయ్యి వెనక వెచ్చగా ఉండే మూలలో మూత ఉన్న వెదురు బుట్ట ఒకటుంది. అందులో పాత ఉన్ని చొక్కా పరిచి, పిల్లను పెట్టి, మూతకి చిన్న సందు వదిలింది. వెచ్చదనానికి అది వెంటనే నిద్రపోయింది. లుయెన్ లేచి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది.

ఆవిడ పేరు తియెప్. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నమిలే తాంబూలం ఉమ్మేదాకా ఒక్క మాట రాలేదు. ఉమ్మాక మాత్రం, వక్కలైపోయాయి, సంత దాకా వెళ్లొస్తాను అంది. వక్కలు ఇంట్లో ఉన్నాయని లుయెన్‌కి తెలుసు. అయినా వెళ్లనిచ్చింది. ఆవిడ ఎదుట అబద్ధమాడే అవసరం తప్పిందని లోలోపల సంతోషించింది కూడా. నీళ్లబిందె తీసుకుని బావి దగ్గరికి పోయింది. వాకిలి ఊడ్చింది, కడిగింది, అవసరం లేకపోయినా మళ్లీ కడిగింది. వంటింటి వైపు మాత్రం ఒక్కసారీ పోలేదు. పోతే చెయ్యి ఊరుకోదు, మూత ఎత్తి చూస్తుంది, పిల్ల లేస్తుంది, అరుస్తుంది.

ఉత్తరపు గాలి వీస్తోంది. ఎండ ఉండీ లేనట్టుంది. అలాంటి చలిలో థోవా భుజాన కావడి, తలమీద తాటాకు టోపీ, మొహాన నవ్వుతో గేటు తోసుకుని వచ్చింది. నలభై దాటిన మనిషి. నడక, మాట, నవ్వు అన్నీ పెద్దవే. ఊళ్లో ఏ ఇంటికెళ్లినా సొంత ఇంట్లోలాగే తిరుగుతుంది.

కావడి దించీ దించకముందే తన పెట్టను చూసి, దీనికి ఒళ్లొచ్చిందే, మా ఇంట్లో దీని ఎముకలు లెక్కపెట్టేవాళ్లం, మళ్లీ తీసుకెళ్తే నన్ను తిట్టుకుంటుందేమో అని ఆటపట్టించింది. లుయెన్ నవ్వడానికి ప్రయత్నించింది. లోపల కూర్చోబెట్టి, పొద్దునే కాచి, వెచ్చగా చుట్టి ఉంచిన కూజాలోంచి పచ్చి ఆకు టీ పోసింది, వేరుశనగ చిక్కీ పెట్టింది. కూర్చున్న బల్లకి ఎదురుగా గోడ మీద మామగారి పటం, దాని ముందు పొద్దున వెలిగించిన అగరొత్తుల బూడిద. ఈ చోటు కాకుండా ఇంకెక్కడైనా కూర్చోబెట్టాల్సింది అనుకుంది లుయెన్. కానీ వచ్చిన మనిషిని వాకిట్లో కూర్చోబెడితే అదే అనుమానం.

థోవా టీ ఊదుకుంటూ సంత కబుర్లన్నీ చెప్పింది. పందిపిల్లల ధర, కరకట్ట మీద బోల్తా పడ్డ లారీ, ఎవరింట్లోనో కొత్త కోడలు అత్తని మోటారుబండి మీద ఎక్కించుకుని గుడికి తీసుకెళ్లి అక్కడే మర్చిపోయి రావడం. లుయెన్ అన్నిటికీ ఊఁ కొట్టింది. ఒక్కటీ చెవికెక్కలేదు. చెవి మొత్తం వంటింటి మీదే ఉంది.

చివరికి ఆ ప్రశ్న రానే వచ్చింది. పిల్లలెన్ని మిగిలాయి అంది థోవా.

“రెండు, అక్కా.”

“మూడనుకున్నానే. ఊరంతా మూడే అన్నారు.”

“మూడే. ఒకదాన్ని పిల్లి ఎత్తుకుపోయింది.”

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని లుయెన్‌కే ఆశ్చర్యమేసింది. థోవా నాలుక చప్పరించి, అయ్యో అంది. పుంజా, పెట్టా అని అడిగింది. ఇంకా తెలిసే వయసు రాలేదక్కా అంది లుయెన్. అదీ అబద్ధమే. ఆ పిల్ల కాళ్లు మిగతా రెండింటికంటే ఎంత లావుగా ఉన్నాయో, నెత్తి మీద ఎర్ర గీత ఎలా మొలుస్తోందో ఆమెకి కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. పోనీలే, ఉన్న రెండింట్లోనే చూసుకుంటాను అంది థోవా, చిక్కీ ముక్క కొరుకుతూ. అంతే. ఇంక గుచ్చి గుచ్చి అడగలేదు.

లుయెన్ ఇంకో చిక్కీ ముక్క ఆమె ముందుకి జరిపింది. గట్టెక్కానని కూడా అనుకుంది.

కానీ వాకిట్లో థోవా గోధుమరంగు పెట్ట ఒక చోట నిలవడం లేదు. రెండు పిల్లలూ దాని కాళ్ల దగ్గరే ఉన్నాయి. అయినా అది పోకచెట్టు మొదలు దాకా పరిగెత్తి, మెడ చాచి పిలుస్తుంది. అక్కణ్ణుంచి నీళ్లతొట్టి వెనక్కి పోతుంది, మళ్లీ వస్తుంది, వంటింటి గడప దగ్గర ఆగి గొంతు చించుకుంటుంది. ఆ లావు కాళ్ల పిల్లలు రెండూ తడబడుతూ దాని వెంట పడి, అలిసిపోయి, ఎక్కడివక్కడ చతికిలబడుతున్నాయి. థోవా టీ గిన్నె కింద పెట్టింది. చాలాసేపు పెట్టనే చూసింది. ఆమె మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో లుయెన్ గమనించలేదు.

“నా పెట్ట ఎవరినో వెతుకుతోంది” అంది థోవా.

“పిల్లి ఎత్తుకుపోయిన దగ్గర్నుంచీ అంతే.”

“ఎప్పుడు ఎత్తుకుపోయింది?”

“మొన్న.”

“మొన్న పోయినదాని కోసం ఇవాళ అరవదే, పిచ్చిపిల్లా. ఒక పూట అరుస్తుంది, మర్నాటికి మానేసి ఉన్నవాటిని చూసుకుంటుంది. ఈ పెట్ట నాకు కొత్తా? ఇది ఇవాళ పొద్దున పోయినదాన్ని వెతుకుతోంది.”

 లుయెన్ టీ కూజా అందుకుని, నిండుగా ఉన్న గిన్నెలోనే మళ్లీ పోసింది. టీ పొంగి బల్ల మీదుగా కారింది. థోవా తన మెడకు చుట్టుకున్న గుడ్డ తీసి నిదానంగా తుడిచింది. తిడుతుందనుకుంది లుయెన్. గొంతెత్తి నలుగురినీ పిలుస్తుందనుకుంది. థోవా గొంతు అసలు లేవనే లేదు. అంత పెద్ద గొంతు మనిషి అంత చిన్నగా మాట్లాడటం లుయెన్ అదే మొదలు వినడం.

తన చిన్నప్పటి సంగతి చెప్పింది థోవా. అప్పట్లో ఈ కోళ్లు వాళ్ల ఇంట్లో ఉండేవి. లుయెన్ మామగారి ఇంట్లో కాదు, థోవా వాళ్ల నాన్న ఇంట్లో. ఒక ఏడు వరద వచ్చి కరకట్ట తెగి, గంపలకి గంపలు కొట్టుకుపోయాయి. మిగిలిన గుడ్లకి పొదుగు పెట్టను అరువిచ్చింది లుయెన్ మామగారు. పిల్లల్లో ఒక్కటే పుంజు. ముందటేడు అరువుకి ఎత్తుకున్న పెట్టపిల్ల అప్పటికే ఆయన దగ్గరుంది. రెక్క ఈకలు మొలిచాక ఆయన వచ్చాడు. వచ్చి, ఆ ఒక్కదాన్నే ఎత్తుకున్నాడు.

“ఆ రోజు మా అమ్మ దాచేయమంది” అంది థోవా. “కాళ్లావేళ్లా పడింది. బియ్యం కుండలో పెట్టేస్తాను, నువ్వు రెండే బతికాయని చెప్పు చాలు అంది. మా నాన్న వినలేదు. పిల్లలన్నిటినీ వాకిట్లోకి వదిలి, ఎంచుకున్నదాన్ని తనే పట్టి మీ మామ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత మా ఇంట్లో మిగిలింది ఇదిగో, ఈ సంకరం సంత. మీ వాకిట్లో పుంజు కూసినప్పుడల్లా మా నాన్న ముక్కాలిపీట అటు తిప్పుకుని కూర్చునేవాడు. ఒక్కనాడూ మీ మామని ఒక్క మాట అనలేదు.”

లుయెన్ పటం వైపు చూడలేకపోయింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ విన్నది వేరు. తాతల నాటి నుంచీ ఈ ఇంట్లోనే పుట్టి పెరిగిన రక్తం అని మామగారు వచ్చిన ప్రతి వాడికీ చెప్పేవాడు. ఆమె కూడా నలుగురికి అదే చెప్పింది. ఇప్పుడు సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. సిగ్గు వెనకాలే కోపమూ వచ్చింది. నిజమే కావచ్చు, అయినా ఇప్పుడు పిల్లనిస్తే ఏం మిగులుతుంది?

ఆ కోపమే ఆమె చేత నిజం చెప్పించింది. అవునక్కా, దాచాను అంది. పుంజే అంది. దాన్ని నువ్వు తీసుకెళ్లి ఆ సంకరం పెట్టల మధ్య వదిలేస్తావు, మూడు తరాలు తిరిగేసరికి పాలిపోయిన కాళ్లు తప్ప ఏమీ మిగలదు, మీ నాన్న పోగొట్టుకున్నదీ పోతుంది, మా మామ ఎత్తుకొచ్చిందీ పోతుంది, అది తట్టుకోలేకే దాచాను అంది.  చివరి మాటలు ఏడుపులోనే వచ్చాయి.  లుయెన్ కళ్లు తుడుచుకుని లేచింది.

“తీసుకొస్తానుండు” అంది.

వాకిలి దాటి వంటింటి దాకా పది అంగలు కూడా ఉండవు. ఆ కాస్త దూరంలోనే మనసు గట్టి చేసుకుంది. పిల్లను చేతిలో పెట్టాలి. సంకరం చేయొద్దని కాళ్లు పట్టుకోవాలి. అవసరమైతే రెండు పెట్టపిల్లల్నీ కూడా ఇచ్చి, జతగా వేరే గంపలో పెంచమని అడగాలి. తన వాకిట్లో లేకపోయినా ఊళ్లో ఎక్కడో ఒకచోట ఉంటే చాలనుకుంది. అలా అనుకోవడానికి ఆమెకి ఎంత కష్టమైందో ఆ గాలికే తెలియాలి.

పొయ్యి వెనక్కి వంగి బుట్ట మూత తీసింది. ఉన్ని చొక్కా ఉంది. పిల్ల లేదు.

చొక్కా దులిపింది. బుట్ట బోర్లించింది. పొట్టు బస్తాల వెనక, కట్టెల సందులో చెయ్యి పెట్టి తడిమింది. పిల్లి మాట తనే అన్నది గుర్తొచ్చి నేల మీద ఈకలేమైనా రాలాయా అని వెతికింది. అప్పుడు చూసింది, పెరటి గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద అత్తగారు కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. చేతిలో వక్కలేమీ లేవు.

“వెతక్కు” అంది అత్తగారు. “పొద్దున నువ్వు బావి దగ్గరుండగానే తీసుకెళ్లి, సంతకి బయల్దేరుతున్న థోవాకి ఇచ్చేశాను.”



“ఎందుకత్తా?”

“నీ చేత అబద్ధం ఆడించకూడదని. పిల్ల ఇంట్లో లేకపోతే దాచడానికి ఏముంటుంది, ఉన్నదున్నట్టు చెప్పేస్తావనుకున్నాను. నీకు ముందే చెప్పాల్సింది. నోరు రాలేదు.” ఆవిడ తలగుడ్డ కొసతో పెదవి తుడుచుకుంది. “ఆ వరద ఏడు మీ మామతో నేనూ వెళ్లాను. ఏది పుంజో ఆయనకి తెలియలేదు. వేరే పిల్లను పట్టుకున్నాడు. అది కాదు, ఇది అని వేలు పెట్టి చూపించింది నేనే. కొత్తగా కాపరానికొచ్చాను, తెలివైనదాన్ననిపించుకోవాలని. ఆ పిల్ల థోవా అక్కడే తలుపు పట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది.”

 లుయెన్‌కి అనాలంటే చాలా ఉంది. ఇన్నేళ్లూ పక్కపక్కన కూర్చుని నూకలు చెరిగాం, ఒక్కసారైనా చెప్పకపోతివే అని. కానీ అంతకంటే ముందు ఇంకో సంగతి ఆమె బుర్రకి తట్టింది. పిల్ల పొద్దుటినుంచీ థోవా ఇంట్లోనే ఉంది. అంటే థోవా గేటు తోసుకుని వచ్చినప్పుడే అంతా తెలుసు. టీ తాగుతున్నప్పుడు తెలుసు. పిల్లలెన్ని అని అడిగినప్పుడూ, పుంజా పెట్టా అని అడిగినప్పుడూ తెలుసు. తెలిసే అడిగింది. తను పిల్లి కథ చెబుతుంటే తెలిసే వింది.

వాకిట్లోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. థోవా అప్పటికే పెట్టను పట్టి చంకలో పెట్టుకుంది. కావడి భుజానికెత్తుకుంది.

“నాతో ఆడుకోవడానికి వచ్చావా అక్కా?” అంది లుయెన్.

“లేదే.” థోవా కళ్లలో వెటకారం లేదు. ఉంటే లుయెన్‌కి కాస్త తేలిగ్గా ఉండేది. “పిల్లను వెనక్కి తెచ్చేద్దామనే అనుకున్నాను. పొద్దున మీ అత్తతో కూడా అదే అన్నాను. మూడో పిల్ల ఉందక్కా, అది పుంజు, అది నీదే అని అడగ్గానే ఒక్క మాట అని ఉంటే చాలు. సాయంత్రానికి తెచ్చి నీ ఒళ్లో పెట్టేదాన్ని. మా నాన్న చేసింది ఈ ఊళ్లో ఇంకొకరు చేస్తారేమో చూద్దామనుకున్నాను.”

లుయెన్ తల వంచుకుంది.

“ఇప్పుడా సంగతి వదిలేయ్” అంది థోవా. “నేను ఇల్లు వదిలేటప్పటికే పిల్ల వణికిపోతోంది. నూక ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు. రెక్క ఈకలు మొలిచినా వీటికి ఒంటి మీద ఈకలు ఎంత ఆలస్యంగా వస్తాయో నీకు తెలుసు. ఈ చలిలో తల్లి రెక్క కింద పెట్టకపోతే పొద్దుగూకే దాకా ఉండదు. పెట్టను తీసుకెళ్తున్నాను. ఇది నాదే కదా.”

కాదనడానికి ఏముంది. పెట్ట ఆమెదే. థోవా తిరిగి గేటు వైపు నడిచింది. చంకలోంచి పెట్ట మెడ చాచి పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు వినగానే రెండు పెట్టపిల్లలూ లేచి, ఆ బరువు కాళ్లు ఈడ్చుకుంటూ దాని వెంట పడ్డాయి. ఒకటి తడి ఇటుకల మీద జారి బోర్లా పడి, లేచి, మళ్లీ పరిగెత్తింది. గేటు దగ్గర వరద నీళ్లు రాకుండా కట్టిన అడ్డు గట్టు ఉంది. నాటు పిల్లలైతే ఒక్క ఎగురుతో దాటేస్తాయి. ఇవి ఛాతీ ఆనించి, కాలు ఎత్తబోయి, ఎత్తలేక, వెనక్కి పడి అరుస్తున్నాయి.

లుయెన్ వాటినే చూస్తూ నిలబడింది. అవతలికి దాటిస్తే మామగారు తన చేతుల్లో పెట్టినదంతా థోవా వాకిట్లోకి పోతుంది, ఆ అబద్ధం విన్నాక ఇక తిరిగి ఇమ్మని అడిగే మొహం కూడా తనకి ఉండదు. ఇవతలే ఉంచుకుంటే ఈ రాత్రి చలికి కప్పేందుకు తల్లి రెక్క లేదు. పొయ్యి వెచ్చదనం ఎంతసేపు నిలుస్తుందో, ఇదివరకు అలా ఎన్ని పిల్లలు పోయాయో ఆమెకి తెలుసు. సందులోకి దిగిన థోవా ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు. పెట్ట అరుస్తోంది, గట్టు ఇవతల పిల్లలు అరుస్తున్నాయి. వంటింటి గుమ్మంలోకి వచ్చిన అత్తగారు, ఈసారి ఏదీ వేలు పెట్టి చూపించకుండా, చేతులు కట్టుకుని నిలబడింది.

లుయెన్ వంగి రెండు పిల్లల్నీ చేతుల్లోకి తీసుకుంది. అరచేతుల్లో వాటి గుండెలు టపటపా కొట్టుకుంటున్నాయి. గేటు ఇంకా తెరిచే ఉంది.